అమాస నాడు ఫ్రిజ్‌కు సెలవు

ఈ పొద్దున ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ మడతల్లో పేరుకున్న నల్లటి జిడ్డును, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచిన పాత బ్రష్‌తో గీరి, ఆ మీదట పిండేసిన నిమ్మచెక్కతో రుద్దుతుంటే, తడిసిన రబ్బరు వాసనా నిమ్మతొక్క వాసనా కలిసి గుప్పున ముక్కుకు తగిలాయి. అంతే, చేతిలో బ్రష్ ఆగిపోయింది. మల్లెపూల వాసనకో తొలకరి మట్టి వాసనకో చిన్నతనం గుర్తుకొస్తుందని అందరూ రాస్తుంటారు. నాకు చూడండి, ఫ్రిజ్ రబ్బరు వాసనకు గుర్తుకొస్తుంది. నవ్వితే నవ్వండి. నేను చిన్నబళ్లో చదువుతున్న రోజుల్లో బాన్సువాడలోని మా ఇంట్లో నెలకోసారి ఇల్లంతా ఇదే వాసన, ఆ రోజు మా వాడకట్టు పిల్లలందరికీ పండగ.

ఆ ఫ్రిజ్‌ను మా బాపు, అదే మా నాన్న, కొత్తగా కొనలేదు. ఆయన బళ్లో సార్. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు సామాను సర్దుకుంటూ, ఈ బరువు మోసుకుపోవడం తన వల్ల కాదని అంటే, మోసుకు రావడం తన వల్ల అవుతుందని బాపు ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చాడు. తెల్లగా, భుజాలు గుండ్రంగా, నిండుగా ఉండేది. ఒకటే తలుపు, ఆ తలుపుకు గుర్రపు నాలుక లాంటి పొడుగాటి పిడి, లోపల పైన చిన్న తలుపుతో మంచుగది, దాని కింద నీళ్లు కారే పళ్లెం, ఆ కింద ఇనుప కమ్మీల అరలు. పక్కన గోడకు స్టెబిలైజర్, దానిలో ఎప్పుడూ వణికే ముల్లు. నడుస్తున్నంతసేపూ గుర్రుమని గురక పెట్టేది, ఆగేటప్పుడు మాత్రం ఒళ్లంతా ఒక్కసారి జలదరించి, దాని మీద పెట్టిన స్టీలు గ్లాసులన్నింటినీ గణగణలాడించి ఆగేది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ జలదరింపుకు ఉలిక్కిపడితే మాకు ఎంత గర్వమో!

వాడకట్టు మొత్తానికి అదొక్కటే ఫ్రిజ్ కాబట్టి అది మాది అనడం కూడా కొంచెం ఎక్కువే. పై అరలో పక్కింటివాళ్ల పాలగిన్నె, తలుపులో ఎదురింటి షాహెదా ఖాలా వాళ్ల షర్బత్ సీసా, కింద అరలో ఎవరి పెళ్లికో కట్టించి తడిగుడ్డలో చుట్టిన పూలదండలు, ఏ మూలనో ఎవరిదో చింతపండు పులుసు. రంజాన్ నెలలో సాయంత్రం కాగానే ఖాలా వాళ్లింటి నుంచి గిన్నెలు పట్టుకుని ఐసు కోసం వచ్చేవాళ్లు, ఐసుతో వెళ్లి మళ్లీ కాసేపటికి ఖర్జూరాలూ పకోడీలూ పట్టుకుని వచ్చేవాళ్లు. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు, బంతి పూలతో అది నిండిపోతే, తలుపు తెరవగానే మంచినీళ్లకు బదులు చేను వాసన వచ్చేది, ఒకటి రెండు చీమలు చలికి బిత్తరపోయి నడక మరిచిపోయి కనిపించేవి.

ఈ సంసారంలోకి మా అవ్వ వచ్చింది. అవ్వ అంటే బాపు వాళ్ల అమ్మ. పుట్టింది జుక్కల్ దిక్కు, మెట్టింది బీర్కూర్. మా తాత పోయాక కూడా పొలం కౌలుకివ్వకుండా, ఇద్దరు మనుషులంత సేద్యం తెలిసిన జత ఎడ్లను పెట్టుకుని ఒక్కతే ఉండేది. ఆ జతలో ఒక ఎద్దు వానాకాలంలో చనిపోయింది. ఒంటెద్దుతో ఏం చేస్తుంది? రెండోదాన్ని ఊళ్లోనే తెలిసినవాళ్ల కొట్టంలో కట్టేసి, ఇంటికి తాళం వేసి, బాపు బలవంతం మీద బాన్సువాడ వచ్చింది. వచ్చిందే గానీ, తెచ్చుకున్న మూట విప్పలేదు. ఎర్ర అంచు నూలు గుడ్డలో తన రెండు చీరలూ, తమలపాకుల సంచీ, ఇంకేవో కట్టి, దాన్ని తలుపు పక్కన కొయ్యకు తగిలించి పెట్టింది. సాయంత్రం బీర్కూర్ బస్సు మా సందు చివరి మలుపులో హారన్ కొట్టగానే అవ్వ చూపు ఆ మూట మీదికి పోయేది.

"నేను సుట్టపుసూపుగ వచ్చిన బిడ్డా. ఇయ్యాల గాకుంటె రేపు వోత," అనేది నాతో.

అవ్వ పక్కన పడుకుంటే వచ్చే తమలపాకు వాసన, నా వీపు మీద ఆమె గరుకు చేయి, జోల పాడబోయి ఎడ్లను అదిలించే పాట అందుకోవడం, ఇవన్నీ నాకు కొత్తగా దొరికిన సొత్తు. బడి నుంచి వస్తూనే నేను మొదట చూసేది కొయ్య వైపు. మూట ఉంటే అవ్వ ఉన్నట్టు. అవ్వ ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. ఖాలా వాళ్లింట్లో ఫాతెహా చదివినప్పుడు కూడా అదే మొక్కుకున్నాను.

ఫ్రిజ్‌కూ అవ్వకూ మొదట పడలేదు. దానిలోంచి తీసింది ఏదీ ముట్టేది కాదు. "మిగిలిన బువ్వ మేం బర్రెకు వెడ్తుంటిమి. గీ పెట్టెల దాసుకొని మూడొద్దులు తింటరా మీరు? థూ!" అనేది. బాపు ఏదో సైన్సు చెప్పబోతే ముఖం తిప్పుకునేది.

మా అమ్మ మాట తక్కువ మనిషి, కానీ ఎక్కడ ఏ ముడి ఎలా వేయాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక రోజు మంచుగదిలో మంచు గడ్డకట్టి, దాని చిన్న తలుపు మూతపడక, కింద అరలన్నీ తడిసిపోయాయి. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, చేతగానట్టు ముఖం పెట్టి, "అత్తా, గీ ఫ్రిజ్‌తోని నాకైతలేదు. లోపట గడ్డ వట్టింది, తలువు వడ్తలేదు. నీది గొడ్డుగోదను సూసిన చెయ్యి. జర నువ్వే అర్సుకోరాదు?" అంది.

అవ్వ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. పక్కన చెవి ఆనించి విన్నది. అప్పుడే అది ఒళ్లు జలదరించి ఆగింది. అవ్వ ముఖం మారిపోయింది.

"ఓయమ్మో, ఈగలు వాలితె సర్జా గిట్లనే దులుపుకుంటడు," అంది. సర్జా అంటే బీర్కూర్ కొట్టంలో ఉన్న ఆ రెండో ఎద్దు, అదీ తెల్లదే. "గిది రాత్రి పగలు గిట్లనే కొట్టుకుంటదా?"

"అవునత్తా."

"ఎన్నడు బందు వెట్టరా?"

"పెట్టరత్తా."

"పాపం గాదే! ఎద్దుకు గూడ అమాస నాడు కాడి వెట్టం. గిదేం పాపం జేసింది?"

అలా పడింది తీర్పు. అమావాస్య నాడు మా దిక్కు ఎడ్లకు సెలవు. ఆ రోజు అరక కట్టరు. ఇకనుంచి అమావాస్య నాడు ఫ్రిజ్‌కూ సెలవే. ఆ రోజు దాన్ని బందు పెట్టాలి, కడగాలి, తుడవాలి, పడుకోనివ్వాలి. అది ఎంత పెద్ద పండగ వచ్చే అమావాస్య అయినా సరే. ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడే కదా వచ్చేది, ముందురోజు తెచ్చిన పూలు వాడిపోతాయి అత్తా అని అమ్మ బతిమాలితే, "మీ పూలకోసం దాని పానం దీస్తరా?" అని అవ్వ పూలన్నీ తడిగోనెలో చుట్టించింది గానీ మాట తప్పలేదు.

ఆ అమావాస్యల సంబరం ఏమని చెప్పను! పొద్దున్నే బాపు స్టెబిలైజర్ నొక్కి ప్లగ్గు పీకేవాడు. గురక ఆగిపోయిన ఇల్లు కొత్తగా, బోసిగా ఉండేది. లోపల ఉన్నవన్నీ బయటికొచ్చి గచ్చు మీద వరుసగా కూర్చునేవి. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి "మీ పాలగిన్నె, మీ పులుసు" అని ఎవరివి వాళ్లకు పిలిచి ఇచ్చేది. ఏ గిన్నె ఎవరిదో తెలియకపోతే మూత తీసి అందరూ వాసన చూసేవాళ్లు. మంచుగది తలుపు తెరిచి, అమ్మ ఒక గిన్నెలో సలసల కాగిన నీళ్లు లోపల పెట్టేది. మొదట్లో ఒకసారి బాపుకు ఓపిక లేక స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి మంచు మీద పొడవబోతే, అవ్వ ఆయన సార్‌గిరీ కూడా చూడకుండా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఏయ్! తోలు లేస్తదిరా! గీరకు. దానంతట అది ఇడువనీ."

దానంతట అది విడిచేది. ముందు ఒక చుక్క, తర్వాత టపటపా ధార, ఆ తర్వాత లోపల ఏదో నిట్టూర్చినట్టై, మంచు పలక పలకలుగా ఊడి పళ్లెంలో దభీమని పడేది. ఆ శబ్దం కోసం గిన్నెలూ గ్లాసులూ పట్టుకుని గచ్చు మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్న పిల్లల గుంపు ఒక్కసారి కేక పెట్టేది. అందులో నిమ్మకాయ పిండి, చక్కెర చల్లి, పిడికిట మంచు కరిగిపోయేదాకా ఎవరు పట్టుకుని ఉంటారో పందెం వేసుకుని, చేతులు ఎర్రబడి మొద్దుబారి, ముక్కులు కారుతూ పరుగులు తీసేవాళ్లం. వానాకాలం అయినా, చలికాలం అయినా ఆ మంచు తినకుండా వదిలింది లేదు. మర్నాడు దగ్గితే అమ్మ చేతి మిరియాల కషాయమూ తప్పలేదు.

ఇంతలో అవ్వ కొంగు బొడ్లో దోపుకుని పనిలోకి దిగేది. కమ్మీల అరలను పీచుతో తోమి ఎండకు ఆనించడం, లోపలి గోడలను సోడా నీళ్లతో తుడిచి మళ్లీ మంచినీళ్లతో తుడవడం, రబ్బరు మడతలను నిమ్మచెక్కతో, ఎద్దు చెవి వెనక శుభ్రం చేసినంత మెల్లగా, వేలు దూర్చి దూర్చి తుడవడం, కింద నీళ్లు పోయే సన్నటి బెజ్జంలో పుల్ల పెట్టి కదపడం. సబ్బు పెట్టనిచ్చేది కాదు, వాసన నిలబడిపోతుందని. మిగిలిపోయినవన్నీ ఆ రోజే అయిపోవాలి కాబట్టి మధ్యాహ్నం భోజనం గమ్మత్తుగా ఉండేది: ఒక కంచంలోనే మా పచ్చిపులుసు, పక్కింటి సర్వపిండి ముక్క, ఖాలా వాళ్ల పుల్లటి ఖట్టా పప్పు, ఎవరో మరిచిపోయిన రెండు గులాబ్‌జాములు. ఖాలా గడప మీద కూర్చుని, "క్యా అమ్మా, ఆజ్ తుమారే బైల్‌కు ఛుట్టీ క్యా?" అని ఆటపట్టించేది. బైల్ అంటే ఎద్దని జుక్కల్ దిక్కు మరాఠీ విన్న అవ్వకు వేరే చెప్పాలా? "నా ఎద్దుకు సెలవే. నీ నోటికే లేదు!" అని అంటించేది. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వేవాళ్లు.

నెలలు గడిచాయి. అవ్వ ఫ్రిజ్‌లోని పెరుగు తిన్నది, చల్లనీళ్లు తాగింది, ఫ్రిజ్‌ను సర్జా అనడం మొదలుపెట్టింది. మూట మాత్రం కొయ్య దిగలేదు. ఒక అమావాస్య నాడు రబ్బరు తుడుస్తూ తనే చెప్పింది. "రాజా మేత ముట్టకుంటె అలిగిండనుకున్న బిడ్డా. ఒక్కపారి ఒళ్లు ముట్టి సూస్తే జరమని తెలుస్తుండె. ముట్టలే." రాజా అంటే చనిపోయిన ఎద్దు. ఆ తర్వాత చాలాసేపు ఆమె రబ్బరు తుడుస్తూనే ఉంది, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ.

శ్రావణం వెళ్లేటప్పుడు పోలాల అమావాస్య వచ్చింది. ఎడ్ల పండగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వీపు మీద అద్దాలు కుట్టిన జూలు కప్పి, ఊరేగించి పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపించే పండగ. ఆ రోజు బీర్కూర్ పోయి సర్జాకు జూలు కప్పాలని అవ్వ ఎన్నాళ్ల నుంచో చెబుతోంది. ఆ జూలే మూటలో చీరల కింద ఉందని అప్పుడే తెలిసింది మాకు. పోతే మళ్లీ రాదని నాకు గట్టి అనుమానం. అయితే రాత్రంతా కురిసిన వానకు దారిలో వాగు పొంగి పొద్దున బస్సు బందైంది. నా సంతోషం పట్టలేక గచ్చు మీద గెంతాను. అవ్వ మాత్రం మూట ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని వాన వైపు చూస్తూ ఉండిపోయింది.

అమ్మే వెళ్లి పక్కన కూర్చుంది. "గా సర్జాకు ఆడున్నోళ్లు ఏదన్న కప్పుతరు తియ్యత్తా. మన సర్జా సంగతేంది? దానికి పండుగ లేదా?"

అవ్వ అమ్మను ఎగాదిగా చూసింది. తర్వాత లేచింది.

ఆ రోజు మా ఫ్రిజ్‌కు జరిగిన వైభోగం బాన్సువాడలో ఇంకే ఫ్రిజ్‌కూ జరిగి ఉండదు. కడిగి తుడిచి, తలుపు మీద పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, పిడికి బంతిపూల దండ కట్టి, భుజాల మీదుగా వెనక్కి వీపంతా కప్పుతూ ఎర్రటి అద్దాల జూలు వేసింది. పండగ పూట పస్తుండొద్దని మధ్యాహ్నమే ప్లగ్గు పెట్టించింది. అది గుర్రుమనగానే జూలు అద్దాలన్నీ వణికి, వాన వెలిసి వచ్చిన ఎండకు గోడ నిండా వెలుగు చుక్కలు ఆడాయి. మేం చప్పట్లు కొట్టాం. వాడకట్టంతా వచ్చి చూసింది. ఖాలా వాళ్ల పిల్లలు దాని చుట్టూ ఊరేగింపు తీశారు. అమ్మ నేతిలో కాల్చిన పోలె ఒకటి లోపల పై అరలో పెట్టి, "తిను బిడ్డా" అంది అవ్వ. ఆ తర్వాత ఎవరి గిన్నెలు వాళ్లు తెచ్చి మళ్లీ పెట్టుకున్నారు.

పొద్దు వాలుతుండగా నేను నీళ్ల కోసం తలుపు తెరిచాను. లోపల దీపం వెలిగింది. కానీ చల్లదనం లేదు. గురక లేదు. ఎప్పుడు ఆగిందో సందట్లో ఎవరూ వినలేదు.

బాపు ప్లగ్గు కదిపాడు, స్టెబిలైజర్ ముల్లు చూశాడు, తల గోక్కున్నాడు. "లైటు బుగ్గ ఎలుగుతుంది గని సప్పుడు లేదు. ఖతమైనట్టున్నది," అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ అవ్వ అక్కడే చతికిలబడింది. "నా చెయ్యి వడ్డది. రాజా వోయిండు, గిది వోయింది. నేను అర్సుకున్నది ఏదీ బతుకది." అమ్మ ఎన్ని చెప్పినా వినలేదు. జూలు తీసుకోకుండానే చీరలు మళ్లీ మూట కట్టింది. సరిగ్గా అప్పుడే వాగు తగ్గిందనీ బస్సు పోతుందనీ వీధిలో ఎవరో అనుకుంటూ వెళ్లారు. ఏం గాచారమో, పొద్దంతా రాని బస్సు అప్పుడే రావాలా! నేను మూట పట్టుకుని వేలాడాను, ఏడ్చాను, కాళ్లు నేలకేసి కొట్టాను. "ఇడువు బిడ్డా," అంది అవ్వ, అంతే.

గడప దాకా పోయి ఆగింది. చెప్పకుండా గొడ్డును విడిచిపోవడం ఆమెకు చేతకాలేదు. మూట చంకన పెట్టుకునే వెనక్కి వచ్చి, ఎద్దు వీపు నిమిరినట్టు, జూలు కింద నుంచి ఫ్రిజ్ వెనక్కి చేయి పోనిచ్చింది. పోనిచ్చి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది.

"ఓరి కొడుకా! గిది సావలేదురా! ఒళ్లు సలసల కాగుతుంది! సచ్చినదానికి జరముంటదా?"

బాపు పరుగెత్తుకొచ్చి చేయి పెట్టి చూశాడు. వెనక ఉన్న జాలీ గుండానే దాని వేడంతా బయటికి పోవాలి, ఆ జాలీ మీదే మూడు మడతల జూలు పడి ఉంది. "అమ్మా, ఊపిరాడక సొమ్మసిల్లింది!" అంటూ జూలు లాగేశాడు. ప్లగ్గు పీకి, అందరం కలిసి ఫ్రిజ్‌ను గోడ దగ్గర్నుంచి ముందుకు ఈడ్చాం. ఈడ్చిన ఊపుకు కింద మిగిలిన మంచునీళ్ల పళ్లెం తిరగబడి గచ్చంతా నీళ్లయ్యాయి. ఎవరికి పట్టింది? అవ్వ విసనకర్ర అందుకుంది, నేను పలక, ఖాలా తన ఓణీ కొంగు, పిల్లలు చేతికి దొరికిన అట్టలు. ఇంతమంది ఒక ఫ్రిజ్ వీపుకు విసరడం ఎవరైనా చూసి ఉంటే మా వాడకట్టుకు పిచ్చెక్కిందనుకునేవాళ్లు. అవ్వ మధ్యమధ్యలో చేయి ఆనించి చూస్తూ, "తగ్గుతుంది, తగ్గుతుంది," అంటూ ఉంది. సందు చివర మలుపులో బీర్కూర్ బస్సు హారన్ కొట్టింది. నేను అవ్వ వైపు చూశాను. ఆమెకు అసలు వినబడినట్టే లేదు.

బాపు ప్లగ్గు పెట్టాడు. ఏమీ లేదు. అవ్వ మళ్లీ దాని వీపు మీద చేయి ఆనించింది. లోపల ఎక్కడో టక్కుమంది, ఒళ్లు ఒక్కసారి జలదరించింది, పైనున్న గ్లాసులు గణగణలాడాయి, గుర్రుమని గురక మొదలైంది. మేం పెట్టిన కేకలు బస్సులోవాళ్లకు కూడా వినబడే ఉంటాయి. ఖాలా అవ్వను వాటేసుకుంది. బాపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు నేను ఒక్కదాన్నే విన్నాను.

అప్పుడు అవ్వ గచ్చు వైపు చూసింది. ఫ్రిజ్ కాళ్ల కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. "గుడ్డేదే? తడిల నిలవడ్డది పాపం," అంటూ అటూ ఇటూ చూసింది. దగ్గర్లో ఏమీ కనబడలేదు. చంకలో ఉన్న మూట తీసి ముడి విప్పి, రెండు చీరలూ అమ్మ చేతిలో పెట్టి, ఆ ఎర్ర అంచు గుడ్డతో వంగి దాని కాళ్ల కింద తుడవసాగింది. అమ్మ చీరలు తీసుకుని లోపలికి పోయి, తన పెట్టెలో తన చీరల పక్కన పెట్టుకుంది.

ఆ గుడ్డ మళ్లీ మూట కాలేదు. అవ్వ బతికినన్నాళ్లూ ఫ్రిజ్ తుడిచే గుడ్డ అదే. బీర్కూర్ పోయినా సర్జాను చూసి, ఒళ్లు ముట్టి, తిరుగు బస్సుకే వచ్చేసేది, "ఈడ నా గొడ్డున్నది, ఎట్లుంట?" అనేది.

నేనింకా ఇదే వాడకట్టులో ఉన్నాను, ఇప్పుడు ఇక్కడ ఇంటికో ఫ్రిజ్ ఉంది. ఎవరి గిన్నె ఎవరి దగ్గరా లేదు. నా ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టదు, గురక పెట్టదు, జలదరించదు, కడగడానికి ఒక రోజంతా అక్కర్లేదు. ఎన్నడూ బందు పెట్టొద్దని బిగించిపోయిన అబ్బాయి మరీ మరీ చెప్పాడు. విన్నాను, తల ఊపాను, అమావాస్య రాగానే ప్లగ్గు పీకాను. నిజామాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నా కూతురు ఫోన్‌లో, "అమ్మా, ఇయ్యాల నీ ఎద్దుకు సెలవా?" అని నవ్వుతుంది. నవ్వనీ. మంచు కోసం గ్లాసు పట్టుకుని గచ్చు మీద కూర్చునే పిల్లలు లేకపోవడమే కొంచెం బాధ. ఆ ఎర్ర అంచు గుడ్డ కూడా ఎప్పుడో దారాలు దారాలై పోయింది, దాన్ని మాత్రం పారేయడానికి నాకు చేతులు రాలేదు.

రబ్బరు తుడవడం అయింది. పొద్దు వాలింది. ప్లగ్గు పెట్టి నిలబడ్డాను. ఇవాళ్టి ఫ్రిజ్‌ల సంగతి తెలుసు కదా, నడుస్తుందో లేదో చప్పుడును బట్టి తెలియదు. అంతలో సందు చివర బీర్కూర్ బస్సు హారన్ కొట్టింది. నా చేయి దానంతట అదే వెళ్లి ఫ్రిజ్ పక్కకు ఆనింది. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత అరచేతి కింద మెల్లగా వెచ్చబడింది. బస్సు వెళ్లిపోయింది, అవ్వ ఎక్కలేదు.